ముప్పై ఎనిమిది సెకన్ల మామ

చిట్యాల
4 ఆగస్టు 2025

మామా,

మొదట దండం అని రాయాలి. రాయబుద్ధి కావడం లేదు.

ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తింది. నువ్వు చాతుర్మాస్య దీక్షలో ఉన్నావట. కార్తీక ఏకాదశి దాకా ఫోన్ ముట్టవట, కురవి పొలిమేర దాటవట. స్పీకర్‌లో పెట్టమన్నా ఆమె పెట్టలేదు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. నేను చివరిసారి ఉత్తరం రాసింది ఏడో తరగతి పరీక్షలో.

అమ్మ ఇన్సులిన్ మానేసి పదిహేను రోజులైంది. మాన్పించింది నువ్వు.

చుట్టాల గ్రూపులో నీ వీడియో తిరుగుతోంది. ముప్పై ఎనిమిది సెకన్లు. జనగామ భజన మండలి షెడ్డు, మెడలో తులసిమాల, చేతిలో మైకు. "ఎందుకమ్మా గీ సూదులు? మీ తాతలు పొడిపించుకున్నరా? జొన్న గటుక తాగి నూరేండ్లు బతకలేదా? తీసి పెంట మీద పారేయిండ్రి. పొద్దుగాల పరగడుపున ఒక్క చెంచ ఆకుపొడి, అయిపాయె షుగరు." చప్పట్లు. అంతే.

అమ్మ దాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. సూదుల డబ్బా నిజంగానే పెంట మీద పారేసింది. నేను ఏరుకొస్తే నాతో మాటలు బంద్. "నా తమ్ముడు పురాణం చెప్పేటోడు. నా మీద వాడు అబద్ధం ఆడుతడా?" అన్నది. పోయిన నెల కాలి బొటనవేలికి పత్తి మోడు గుచ్చుకుంది. ఆ పుండు మానడం లేదు.

నేను ఆశా కార్యకర్తనని నీకు తెలుసు. ఇంటింటికీ పోయి బీపీ, షుగర్ గోలీలు ఆపకండని చెప్పడమే నా పని. ఇప్పుడు గడప ఎక్కితే చాలు, ఫోన్ తీసి నిన్నే చూపిస్తున్నారు. "ముందుగాల మీ మామకు చెప్పుకో పో బిడ్డా" అని మొన్న టీక్యా తాత నవ్వాడు. ఆయనకు నాలుగేళ్ళుగా నేనే దగ్గరుండి గోలీలు మింగిస్తున్నాను.

ఆ మాట ఎందుకు చెప్పావు? వెనక్కి తీసుకుంటావా, లేదా? ఈ రెండింటికీ జవాబు రాయి. శ్లోకాలు వద్దు.

పూజ


కురవి
8 ఆగస్టు 2025

చిరంజీవి పూజకు మామ కట్టయ్య ఆశీస్సులు. నీ కోపంతో వాటికి సంబంధం లేదు, తీసుకో.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. నీ మీద కూడా. ఎందుకో చెబుతాను.

ఆ మాటలు నావే. కానీ ఆ మాట నాది కాదు. శాస్త్రం చెప్పేవాడు ముందు ఎదుటివాడి వాదం పెట్టాలి. చప్పగా పెట్టకూడదు, ఎదుటివాడే వచ్చి చెప్పుకున్నా అంతకంటే బాగా చెప్పలేనట్టు పెట్టాలి. దాని పేరు పూర్వపక్షం. ఆ తర్వాత దాన్ని ముక్కలు ముక్కలు చేసి సిద్ధాంతం నిలబెట్టాలి. పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. ఏడో తరగతి తప్పి, మిర్చి యార్డులో బస్తాలు మోస్తూ, తూకం చీటీల వెనక శ్లోకాలు రాసుకుని నేర్చుకున్నాను. నలభై ఏళ్ళుగా ఇట్లాగే చెబుతున్నాను.

ఆరోజు జనగామలో నా అంశమే వైద్యం పేరు చెప్పి మోసం చేసేవాళ్ళ మీద. ఆకుపొడి అమ్మేవాడి గొంతుతో, వాడి చేతులు తిప్పే తీరుతో ఆ ముక్క చెప్పాను. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే ఏమన్నానో తెలుసా? "అని చెప్పేటోని ఇంటికి పోయి చూడుండ్రి, వాని ఫ్రిజ్జుల ఇన్సులిన్ ఉంటది. దేహాన్ని కాపాడుకోవడం మొదటి ధర్మం. దవాఖాన మందు మానినోడు దేవుని మీద భారం వేసినట్టు కాదు, దేవుణ్ణి పరీక్ష పెట్టినట్టు." ఇది ముప్పై తొమ్మిదో సెకను. అది ఎక్కడ పోయింది?

యుద్ధంలో ధర్మం తెలిసినవాడే ఒక వాక్యంలో సగం గట్టిగా చెప్పి, మిగతా సగం శంఖాల మోతలో పోనిచ్చాడు. విన్న గురువు ఆయుధం వదిలేశాడు, తల పోయింది. అంతదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆ ధర్మాత్ముడి రథం ఆరోజు మట్టిని తాకింది. సగం మాటకు అంత బరువుంటుంది. ఇప్పుడు శంఖం పని కత్తెర చేసింది.

నీ మీద కోపం ఇందుకు. మూడు గంటల ప్రసంగం. నువ్వు చూసింది అర నిమిషం. నీ చేతిలో ఫోన్ ఉంది, పది చదివావు. మామ ఇట్లా అంటాడా, దీని ముందేముంది, వెనకేముంది అని ఒక్కసారైనా వెతికావా? తీర్పు రాసి కవరులో పెట్టి పంపావు.

దీక్ష విడిచి నేను రాలేను. మాట ఇచ్చింది మనుషులకు కాదు. దీనితో వేరే కాగితం పెట్టాను, పెద్ద అక్షరాలతో. అక్కకు చదివి వినిపించు. "అక్కా, సూది మానకు. నేను మానుమనలే. నీ తమ్ముడు కట్టయ్య."

మామ


చిట్యాల
14 ఆగస్టు 2025

మామా,

చదివి వినిపించాను. రెండుసార్లు. అమ్మ మొత్తం విని, ఆకుకూర ఏరుతూ అన్నది: "కాయితం మీద ఎవలన్న రాస్తరు. నువ్వే రాసుకొచ్చినవ్. దాంట్ల మా తమ్ముని మొఖం కనవడుతదా, గొంతు ఇనవడుతదా? ఫోన్ల రెండూ ఉన్నయ్." ఆమెకు అక్షరాలు రావు. నీ చేతిరాత ఏదో, నాది ఏదో ఆమెకు ఒకటే.

నేను వెతకలేదన్నావు. వెతికాను. నీ ఉత్తరం రాకముందు కాదు, వచ్చాక. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. ఫోన్‌లో నీ ప్రసంగాలు వచ్చే ఛానల్‌లో మూడు గంటల వీడియో లేదు, తీసేశారు. కోసిన ముక్కలు మాత్రం పద్నాలుగు ఉన్నాయి. షుగరుకు ఒకటి, మోకాళ్ళకు ఒకటి, పిల్లలు లేనివాళ్ళకు ఒకటి. అన్నింట్లో నువ్వే. ప్రతిదాని కింద ఒక ఫోన్ నంబరు.

ఆ నంబరుకు ఊళ్ళో ఇద్దరు ఫోన్ చేసి పొడి తెప్పించుకున్నారు. డబ్బా మీది కాగితం ఒలిచి దీనితో పంపుతున్నాను. నువ్వు ఆశీర్వదిస్తున్నట్టు ఫొటో. కింద 'గురువుగారి మాట, ఆరోగ్యానికి బాట'.

ఇప్పుడు అడుగుతాను, తిట్టుకోకు. ఫొటో ఎవరిచ్చారు? ఇందులో నీకు వాటా ఉందని ఇక్కడ అందరూ అంటున్నారు. లేదని నేను అనబోయాను. అనలేదు, నాకూ తెలియదు కాబట్టి. పూర్వపక్షం సంగతి నువ్వు చెప్పిందాకా నాకు తెలియదు. చిట్యాలలో ఎవరికీ తెలియదు. జనగామలో చప్పట్లు కొట్టినవాళ్ళకు తెలుసా?

అమ్మ పుండు వేలి కిందికి దిగింది. నిన్న కాలు ముట్టనిచ్చింది, సూది మాత్రం వద్దంది.

పూజ


కురవి
19 ఆగస్టు 2025

పూజా,

వాటా అన్నావు. ఈ ఇంట్లో ఏకాదశి నాడు నీళ్ళు కూడా లెక్కపెట్టుకుని తాగేవాణ్ణి పట్టుకుని వాటా అన్నావు. రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. అక్క కోసం రాస్తున్నాను.

ఫొటో ఇచ్చింది నేనే. నా ప్రసంగాలన్నీ వీడియో తీసేది జనగామ మిథున్ అనే పిల్లవాడు. డిగ్రీ చదివాడు, నా కాళ్ళు మొక్కేవాడు. ఛానల్‌కు ఒక ఫొటో కావాలంటే అభయహస్తం పెట్టి నిలబడ్డాను. దేనికి వాడతావని అడగలేదు. అడిగితే చిన్నతనం అనుకున్నాను.

కబురు పెడితే వచ్చాడు. పండ్లు తెచ్చాడు. డబ్బా కాగితం ముందు పెట్టాను. వాడు కంగారు పడలేదు. "గురువుగారూ, మీ మాటకు నేను ఒక్క మాట కలిపిన్నా? ఒక్క అక్షరం మార్చిన్నా? అన్నీ మీ నోటెంబడి వచ్చినయే" అన్నాడు. మూడు గంటలు ఎవరూ చూడరట. జనం ఆగేది నేను గొంతు మార్చి, వేషం కట్టినట్టు చెప్పే చోటనేనట. సిద్ధాంతం మొదలయ్యాక చూసేవాళ్ళు సగం మంది వెళ్ళిపోతారట. చూసేవాళ్ళ లెక్క గీత అక్కడ ఎట్లా పడిపోతుందో తన ఫోన్‌లో చూపించబోయాడు. దీక్షలో ఉన్నానని నేను ముఖం తిప్పుకున్నాను. పండ్లు వాడి సంచిలోనే పెట్టి పంపేశాను.

పూజా, శాస్త్రం నోటితో చేసే పాపాలు నాలుగని లెక్కపెట్టింది. అబద్ధం, కఠినం, చాడీ, అర్థంలేని వాగుడు. వీడు చేసింది ఈ నాలుగింట్లో దేనికిందికీ రాదు. ప్రతి మాటా నిజంగా నేనన్నదే. నిజాన్ని కోసి అమ్మే రోజు వస్తుందని ఆ రుషులకు తట్టలేదు. ఐదో పాపం ఒకటి పుట్టింది, అది నా నోటి నుంచే పుట్టింది.

ఆ డబ్బాల మీద నా ఫొటో తీసేయాలని ఇక్కడి పెద్దమనుషులతో నోటీసు రాయిస్తున్నాను. నువ్వు అక్కను తీసుకుని కురవికి రా. నా ఎదురుగా కూర్చోబెడితే ఒక్క పూటలో నమ్ముతుంది. పుండు సంగతి అంత పరేషాన్ కావద్దు. వచ్చేదాకా పసుపూ వేపాకూ నూరి పట్టు వేసి, గుడ్డ కట్టు. వారం రోజుల్లో ఆరుతుంది.

మామ


వరంగల్
25 ఆగస్టు 2025

మామా,

పెద్ద దవాఖాన వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తడం లేదు.

నీ ఉత్తరం అమ్మకు చదివాను. మిథున్ గురించి, నీ కోపం గురించి, కత్తెర గురించి వింటూ ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. పసుపు, వేపాకు అన్న దగ్గర తల ఎత్తింది. "ఆగు, మల్ల చదువు" అన్నది. మళ్ళీ చదివాను. "గిది మా తమ్ముని మాటే. మిగతాది నువ్వు కలిపినవ్" అని, లేచి వేపచెట్టుకు పోయింది.

పట్టు వేసుకుని, పైన గుడ్డ బిగించుకుని, నాలుగు రోజులు నన్ను విప్పనివ్వలేదు. విప్పిన రోజు వాసనకు నేను తట్టుకోలేకపోయాను. ఆ గుడ్డ కింద వేలు నల్లబడింది.

పసుపు పట్టు వేస్తే వారంలో ఆరుతుందని నీకు ఎవరు చెప్పారు? షుగర్ ఉన్న మనిషి పుండు మీదనా? ఎవరి పుండు ఆరడం చూశావు? నన్ను ముందేముందో వెనకేముందో వెతకలేదన్నావు. నువ్వు ఆ రెండు వాక్యాలు రాసేముందు ఎక్కడ వెతికావు? మిథున్ కోసి చెప్పాడు, నువ్వు కోయకుండానే చెప్పావు. అమ్మ కాలికి రెండూ ఒకటే.

భూపాలపల్లిలో చూసి ఇక్కడికి పంపారు. వేలు తీసేయాలి. ఒకటా, రెండా, పాదమా అన్నది షుగర్ దిగితేనే చెప్పగలమంటున్నారు. దిగాలంటే ఇన్సులిన్ పడాలి. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని కూర్చుంది. బలవంతంగా పొడిస్తే మంచం దిగి పోతానంటోంది. మూడు రోజుల గడువు ఉందన్నారు.

నీ పొలిమేర సంగతి నీకూ దేవుడికీ మధ్య. రావడం కుదరకపోతే ఉత్తరం మాత్రం రాయకు. నువ్వు రాసే ప్రతి ఉత్తరంలో ఆమెకు కావలసిన ముక్క ఒకటి దొరుకుతోంది.

పూజ


కురవి
10 సెప్టెంబర్ 2025

అమ్మా పూజా,

నువ్వు రాయవద్దన్నావు. అక్క మంచం దిగి ఇంటికి చేరిందని విన్నాక రాస్తున్నాను. దీన్ని ఆమెకు చదవాల్సిన పని లేదు.

చవితి మర్నాడు నీ ఉత్తరం చేతికి రాగానే చెప్పులు వేసుకున్నాను. మీ అత్తమ్మ దీక్ష అని గుర్తు చేసింది. బస్సు పొలిమేర దాటుతుంటే నాకేమీ కాలేదు, పిడుగు పడలేదు. ఆ నాలుగు నెలల నిష్ఠలో గడిచిన యాభై రోజులూ మీ మాట వినకుండా ఉండటానికే పనికొచ్చాయని మాత్రం తోచింది.

నువ్వు మందుల చీటీ పట్టుకుని కిందికి పోయిన అరగంటలో జరిగింది అక్క నీకు చెప్పి ఉండదు. నేను చెప్పాలి.

మంచం పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. సూది వేసుకో అక్కా, మానమని నేను ఎన్నడూ చెప్పలేదు అన్నాను. నేను ఎదురుగా కూర్చుంటే చాలనుకున్నాను కదా. ఆమె నా ముఖంలోకి చూసి అన్నది:

"గా వీడియోల గూడ గిదే మొఖంరా. గిదే గొంతు. గిట్లనే కండ్లల్లకు చూసుకుంట చెప్పినవ్. గప్పుడు నమ్మిన, కాలు గిట్లయింది. గిప్పుడు ఏ కట్టయ్యను నమ్మాలె?"

తెలుసుకోవడానికి మూడు దారులని నేను ఊరూరా చెబుతాను: కంటితో చూసింది, ఊహించి తేల్చుకున్నది, నమ్మదగినవాడు చెప్పింది. మొదటి రెండూ మోసం చేయవచ్చు, మూడోదే గట్టిదని చెబుతూ వచ్చాను. ఆ మూడోవాణ్ణి నేనే కాబట్టి అట్లా చెప్పడం నాకు సుఖంగా ఉండేది. ఆరోజు ఆ వార్డులో మూడోవాడి మాట చెల్లలేదు.

"నన్ను నమ్మకు అక్కా" అన్నాను.

నర్సమ్మ బల్ల మీద షుగర్ చూసే మిషను పెట్టి ఉంది. అక్కకు అక్షరాలు రాకపోయినా అంకెలు వస్తాయి. పత్తి కాంటా ముల్లు దగ్గర ఆమెను మోసం చేసిన సేటు లేడు. ముందు నా వేలు పొడిపించుకున్నాను. నూట పద్దెనిమిది. తర్వాత ఆమె వేలు ఇచ్చింది. నాలుగు వందల ఎనభై ఆరు. రెండు అంకెలూ చూసి, మిషను చెడిపోయిందేమో మళ్ళీ చూడమంది. మళ్ళీ నా వేలు, మళ్ళీ ఆమె వేలు. అవే. "ఒక్క సూది ఏసుకో. పొద్దుగాల నువ్వే చూసుకో. అంకె దిగకపోతే నా మాట, డాక్టరు మాట రెండూ పెంటల పారేయ్" అన్నాను. అక్క రైక చెయ్యి పైకి లాగి జబ్బ చూపింది. నా వైపు చూడలేదు.

నువ్వు పైకి వచ్చి మామ ఒప్పించాడని నాకు కాఫీ ఇప్పించావు. ఆ కాఫీ తాగే అర్హత నాకు లేదు. ఒప్పించింది నేను కాదు.

పసుపు సంగతి. నీ ప్రశ్నకు జవాబు: ఎవరూ చెప్పలేదు. ఎక్కడా చూడలేదు. చిన్నప్పటి నుంచి చెవిన పడుతున్నదే, చేయి దానంతటదే రాసింది. మిథున్ డబ్బు కోసం చేశాడు. నేను ఏ లాభమూ లేకుండా చేశాను. నాది చిన్నదని అనడం లేదు.

మొన్న సోమవారం జనగామ షెడ్డుకు పోయాను. ముందు ఒక వకీలును అడిగాను. ఫొటో తీయించవచ్చు, మాటలు మీవే కదా, వాటికేం చేస్తాం అన్నాడు. షెడ్డు నిండింది. మైకు పట్టుకోగానే ఫోన్లు లేచాయి. మా అక్క గట్టమ్మ రెండు వేళ్ళు నా నోటి వల్ల పోయాయని చెప్పాను. ఆకుపొడి అమ్మేవాడి మాటను వాడికంటే బాగా చెప్పి, వాడికి సరుకు తయారుచేసి ఇచ్చింది నేనేనని చెప్పాను. వెనక నుంచి ఎవరో అరిచారు: "గా పొడోని లెక్క జర చేసి చూపియ్యి తాతా." నవ్వులు. నేను చెబుతున్నది వాళ్ళకు ఇంకా నాటకం మొదలుకాకముందు మాటల్లాగే ఉంది. కొంతమంది లేచి పోయారు. పోనిచ్చాను.

ఇక నుంచి పూర్వపక్షం గొంతు మార్చి చెప్పను. పెద్దల పద్ధతే, కాదనను. కానీ వాళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు చివరిదాకా కూర్చునేవాళ్ళు. నా మాటను ఏ అర నిమిషం కోసినా అందులో కీడు దొరకకుండా మాట్లాడటం నేర్చుకుంటున్నాను. కష్టంగా ఉంది. రుచి పోయింది. ఉప్పు మానిన కొత్తలో ఇట్లాగే ఉండేది.

దీక్ష భంగానికి ప్రాయశ్చిత్తం ఏమిటో పుస్తకం తెరవలేదు. పొడి డబ్బాలు ఉన్న ఊళ్ళ పేర్లు నువ్వు పంపు. ఒక్కో ఊరికి నేనే పోయి చెప్పి వస్తాను.

మామ


చిట్యాల
18 సెప్టెంబర్ 2025

మామకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాటా అన్నందుకు నా తప్పు ఒప్పుకుంటున్నాను. పసుపు గురించి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాదం నిలిచింది. రెండు వేళ్ళతో సరిపోయింది, పుండు ఆరుతోంది. అమ్మ కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. పొద్దునా రాత్రీ మిషను తనే చూసుకుని, సున్నంతో గోడ మీద అంకె రాస్తోంది. నూట తొంభై, నూట డెబ్బై నాలుగు, నూట అరవై. గోడ పాడవుతోందని నేను అనడం లేదు. టీక్యా తాత వచ్చి ఆ గోడ చూసి పోయాడు. మర్నాడు నా దగ్గరికి గోలీల కోసం వచ్చాడు, నవ్వకుండా.

ఊళ్ళ పేర్లు వెనక రాశాను. పదకొండు. అన్ని ఊళ్ళ పేర్లూ నాకు తెలియవు, ఇంకా ఉంటాయి.

అమ్మ నాకు కొత్త పని పెట్టింది. డాక్టరు చీటీ, మందు పెట్టెలో ఉండే సన్న అక్షరాల కాగితం, పంచాయతీ నోటీసు, అన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. మధ్యలో ఒక వరుస దాటేస్తే ఆమెకు తెలిసిపోతుంది, ఎట్లాగో నాకు అర్థం కాదు.

నిన్న చుట్టాల గ్రూపులో జనగామ షెడ్డు వీడియో వచ్చింది. "అక్క వేళ్ళు నా నోటి వల్ల పోయాయి" అని నువ్వు చెబుతున్నది. అమ్మకు ఫోన్ ఇచ్చాను, చూసి ఏడుస్తుందనుకున్నాను. మంచం మీద కూర్చుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. అయిపోయాక నన్ను అడిగింది.

"ఎంతసేపుంది గిది?"

రెండు నిమిషాలు అన్నాను.

"వాడు ఎంతసేపు మాట్లాడిండు?"

గంటన్నర అట అన్నాను.

"అయితే మిగిలింది గూడ తెప్పియ్యి. అంతా చూసినంక చెప్త, వాని మీద నాకు కోపం ఉన్నదో లేదో" అని, ఫోన్ బోర్లా పెట్టి, మందుల డబ్బా తెరిచింది.

పూజ